రిజిస్టరులో మన పేరు
(బంగారుపాళ్యంలో చేసిన ప్రసంగ పాఠం)



నడిరాత్రి తలుపు కొడితే ఏమనుకుంటాం? ఎవురికో బాగలేదు, ఆసుపత్రికి ఆటో కావాల అనుకుంటాం. షీటు ఉండే ఇంట్లో అట్ల అనుకోరు. ఆడబిడ్డలు ఉలిక్కిపడి లేస్తారు. "ఉండాడా వాడు?" అని అడిగి, టార్చిలైటు మొగం మీద కొట్టి పోతారు. తెల్లారితే ఊరంతా గుసగుస. ఆ పిల్లోడిని మామిడి మండీలో కూలికి ఎవురు పిలుస్తారు? పిల్లనెవురు ఇస్తారు?

ఇది నిన్నటి రోగం కాదు. 1871లో తెల్లదొరలు నేరస్థ జాతుల చట్టం చేసినారు. 1911లో దాన్ని మన మద్రాసు రాజధానికీ తెచ్చినారు. ఎరుకల ఇంట్లో పుట్టడమే నేరమైపోయింది. వేలిముద్ర ఇయ్యాల, హాజరు పలకాల, ఊరు దాటాలంటే చెప్పి పోవాల. 1952లో ఆ చట్టాన్ని రద్దు చేసినారు. రిజిస్టరు మాత్రం అట్ట మార్చుకుని, పాత నేరస్థుడనీ రౌడీ అనీ పేరు పెట్టుకుని స్టేషన్లోనే కూచుంది.

ఖరక్ సింగ్ అని ఉత్తరప్రదేశ్ ఆయన. దోపిడీ కేసులో సాక్ష్యం లేక వదిలేసినారు. అయినా షీటు తెరిచి రాత్రుల్లో తలుపు కొట్టినారు. ఆయన సుప్రీంకోర్టుకు పోయినాడు. రాత్రిపూట ఇంటికి పోయి లేపడం చెల్లదని 1962లోనే తీర్పు వచ్చింది. అరవై ఏండ్లు దాటింది, ఈ సంగతి మన పల్లెకు ఎవురన్నా చెప్పినారా? 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జీలు ఒక్కమాటగా, మనిషి బతుకు గుట్టు వాడి ప్రాథమిక హక్కన్నారు. 2022 జూలైలో మన హైకోర్టు జడ్జి ఒకరు, పోలీసు స్టాండింగ్ ఆర్డర్లకు చట్టబలం లేదు, వాటిని పట్టుకుని రౌడీషీట్లు తెరవరాదన్నారు. ప్రభుత్వం ఊరుకుంటుందా, అప్పీలుకు పోయింది. కాబట్టి గెలిచేసినామని డప్పు కొట్టొద్దు.

సుకన్య శాంత అనే జర్నలిస్టు, ఒక ఆడబిడ్డ, కేసు వేస్తే 2024 అక్టోబరులో జైలు రిజిస్టర్లలో కులం గడి కొట్టేయమని సుప్రీంకోర్టు చెప్పింది. అంతవరకూ జైల్లో కూడా మనకు కులం రాసి పని పంచినారు!

ఏ పార్టీ వచ్చినా లెక్కపెట్టేది మనల్నే. ముందు ప్రభుత్వంలో 50 ఇండ్లకొక వాలంటీరు మన వివరాలన్నీ ఫోన్లోకి ఎక్కించుకున్నాడు. ఈ ప్రభుత్వంలో, 2025 జూలై 9న మాజీ ముఖ్యమంత్రి మన మామిడి యార్డుకు వస్తే, 500 మందికి మించరాదని పోలీసులు షరతు పెట్టినారు. ఆయన మనకు చుట్టం కాదు. అయినా కాయకు ధర లేక ఏడ్చే రైతూ కూలీ యార్డుకు పోవాలంటే తలలు లెక్కపెట్టడమేంది?

ఇప్పుడు పని చెప్తా. మీ మీద షీటు ఉందేమో సమాచార హక్కు కింద అర్జీ పెట్టి అడగండి. లేదని నోటితో చెప్తే ఒప్పుకోవద్దు, కాగితం మీద అడగండి. ఎస్సీ ఎస్టీలకు న్యాయ సేవాధికార సంస్థ వకీలును ఊరికే ఇస్తుంది, 1987 చట్టంలో ఉంది. రాత్రి ఎవురొచ్చినా తేదీ, టైము, ఏమన్నారో నోటుబుక్కులో రాయండి. చదువు రాని అవ్వకు మనవరాలు రాయాల. వచ్చే ఆదివారం ఆ బుక్కులు తీసుకుని ఈ చెట్టు కిందికే రండి.