తుపాను వెలిసిన తరువాత ఇంటి పనులు
(రైతు శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



తుపాను రాకముందు ఏమి చేయవలెనో చెప్పేవారు ఈ రోజుల్లో చాలామంది ఉన్నారు. రేడియో చెబుతుంది, చేతిలోని ఫోను చెబుతుంది, ఊళ్ళో దండోరా వేస్తారు. ఆ హెచ్చరికల వల్ల మేలు జరిగింది. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడినప్పుడు పదివేల మందికి పైగా పోయారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకి చెట్లను, స్తంభాలను నేలకూల్చింది గాని, ప్రాణనష్టం ఆ లెక్కకు దరిదాపుల్లోకి రాలేదు. అయితే గాలి తగ్గి, వాన వెలిసి, పునరావాస కేంద్రం నుంచి ఇంటికి తిరిగి వచ్చిన మనిషి ముందు ఏ పని పట్టుకోవలెనో చెప్పేవారు తక్కువ. ఈ పూట నేను ఆ మొదటి పది రోజుల సంగతే మాట్లాడతాను. గాలి ఒక్క రాత్రిలో చేసిపోయిన నష్టం మన చేతిలో లేదు. ఆ పిదప చెడిన బావి వల్ల, తడిసిన గింజ వల్ల వచ్చే నష్టం చాలా వరకు మన చేతిలోనే ఉన్నది.

మా ఇంటి సంగతి ఒకటి చెబుతాను. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ తుపానులో మా పెంకుటింటి కప్పు సగం లేచిపోయింది. తెల్లవారగానే నాన్నగారు, చిన్నాన్న నిచ్చెన వేసుకొని పైకెక్కారు. ఎవరైనా చేసే పని అదే. రెండు రోజులు ఇంటిల్లిపాదీ కప్పు పనిలోనే ఉన్నాము. పెరట్లో ధాన్యం పురి అడుగున మూరెడు మేర నీటిలో నానింది. పైగడ్డి చెక్కుచెదరలేదు గనుక దానికేమీ కాలేదనుకున్నాము. మూడవ నాడు మా అమ్మ పురిలో చెయ్యి దూర్చి, "ఏమండీ, ఇది ఉడుకుతున్నది" అన్నది. నిజంగానే అప్పుడే వార్చిన అన్నంలో చెయ్యి పెట్టినట్లున్నది. అడుగు గింజ అంతా మొలకెత్తి ముక్కిపోయింది. కప్పు మరొక వారం ఆగినా తాటాకులు కప్పుకొని గడుపుకొనేవాళ్ళము. గింజ ఆగదు. ఆ లెక్క మాకు అప్పుడు తెలియలేదు.

ఇంటిలో అడుగు పెట్టే ముందు మూడు విషయాలు చూసుకోవలెను. తెగిపడిన కరెంటు తీగను, అది చచ్చిన తీగే అనిపించినా సరే, ముట్టరాదు, కర్రతో జరపనూ రాదు. 1912 నంబరుకు ఫోను చేయవలెను. తడిసిన ఇంటిలో మెయిన్ స్విచ్చి ఆపి, వైర్లు ఆరి, పని తెలిసినవాడు చూసిన తరువాతనే కరెంటు వేయవలెను. జనరేటరు తెచ్చుకొన్నవారు దానిని వసారాలో గాని గదిలో గాని పెట్టరాదు. దాని పొగలో వాసన తెలియని విషవాయువు ఉంటుంది. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

రెండవది మట్టిగోడ. నీరు నిలిచినంతసేపూ నిలబడిన గోడ, నీరు తీసిన రెండు మూడు రోజులకు కూలడం మీలో చాలామంది చూచియే ఉంటారు. నానిన గోడ పక్కన పడుకోరాదు, పశువును కట్టరాదు. మూడవది పాము. పొలంలో నీరు నిండితే దానికీ మెట్ట చోటే కావలెను గదా! కట్టెల గూడు, గడ్డివాము, బియ్యం డబ్బా వెనుక చెయ్యి పెట్టే ముందు కర్రతో కదిలించి చూడవలెను. కాటు పడితే కోయడం, బిగించి కట్టడం, నాటుమందు పూయడం వద్దు. కాటుపడిన అవయవాన్ని కదలనీయక, 108 బండిలో విరుగుడు ఇంజక్షను ఉన్న ఆసుపత్రికి చేర్చవలెను.

బురద ఎత్తిపోసే ముందు, కూలిన గోడను, తడిసిన ధాన్యాన్ని, చచ్చిన పశువును ఫోనుతో ఫొటోలు తీసి ఉంచుకోండి. పరిహారం రాయడానికి వచ్చేవారు ఎప్పుడు వస్తారో చెప్పలేము. అప్పటిదాకా ఇల్లు ఊడవకుండా కూర్చోలేము. పంటకు బీమా ఉన్నవారు, కోసి ఆరబెట్టిన పనలు తడిసిన యెడల 72 గంటల లోపల తెలియజేయవలెను.

ఇక బావి సంగతి. ఇది కొంచెం వివరంగా చెప్పవలసి ఉన్నది.

వరదనీరు చేరిన బావిలో పెంటకుప్ప, మరుగుదొడ్డి, చచ్చిన కోడి అన్నీ కలిసే ఉంటాయి. నీరు తేరుకొని తేటగా కనిపించినంత మాత్రాన మంచిది కాదు. బావి బాగయ్యే వరకు ట్యాంకరు నీరైనా సరే, మరే నీరైనా సరే, తెర్లి పొంగిన తరువాత మరొక నిమిషం పైన కాచి, చల్లార్చి, మూత పెట్టి తాగవలెను. పిల్లలకు విరేచనాలు పట్టుకుంటే నీళ్ళు మానిపించరాదు. ఓఆర్‌ఎస్ పొట్లం కలిపి పడుతూ ఆసుపత్రికి తీసుకుపోవలెను.

బావిని శుభ్రం చేయడానికి ముందు తేలే చెత్తను తీసివేసి, చెడునీటిని తోడిపోయవలెను. చుట్టుపక్కల నేల ఇంకా నీటితో నిండి ఉండగా మోటారు పెట్టి బావిని ఒక్కసారిగా ఖాళీ చేస్తే, బయటి ఒత్తిడికి వరలు, రాతికట్టు లోపలికి కూలవచ్చును. సముద్రం దగ్గరి ఊళ్ళవారికి మరొక హెచ్చరిక. ఉప్పెన నీరు చేరిన బావిని, ఉప్పు పోవలెనని పదేపదే అడుగంటా తోడేవారున్నారు. ఇసుక నేలల్లో మంచినీరు పైన పొరగా, ఉప్పునీరు దాని కింద ఉంటుంది. పై నీటిని అదే పనిగా లాగేస్తే కింది ఉప్పు పైకి ఉబికి వస్తుంది. ఆశపడి చేసిన పని వల్లనే బావి మరింత చెడుతుంది. చెత్తనీరు మేర తోడి ఆపి, మిగిలిన ఉప్పును వానలు కడిగే వరకు ఆ నీటిని ఇల్లు కడగడానికి మాత్రమే వాడుకోవడం మేలు. బ్లీచింగు పొడి క్రిములను చంపుతుంది గాని ఉప్పును తీయదు.

బ్లీచింగు పొడి ఎంత వేయవలెనన్నది చాలామంది అడిగే ప్రశ్న. గుండ్రని బావికి ఈ లెక్క గుర్తుంచుకోండి. బావి అడ్డాన్ని మీటర్లలో కొలిచి, దానిని దానితోనే హెచ్చవేసి, నీటి లోతుతో హెచ్చవేసి, వచ్చినదానిని 785తో హెచ్చవేస్తే లీటర్లు వస్తాయి. రెండు మీటర్ల అడ్డం, మూడు మీటర్ల నీరు ఉన్న బావిలో 9,420 లీటర్లుంటాయి. మామూలు రోజులలో వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి పొడి చాలును. వరద తరువాత బురద ఆ మందును మింగివేస్తుంది గనుక రెట్టింపు, అనగా ఆ బావికి సుమారు 50 గ్రాములతో మొదలు పెట్టవలెను. పొడిని అలాగే బావిలో చల్లడం పనికిరాదు. బకెట్టులో కొద్ది నీటితో ముద్దగా కలిపి, పిదప ముప్పాతిక వంతు నీరు పోసి, పది నిమిషాలు తేరనిచ్చి, పై తేటను మాత్రం మరొక బకెట్టులోకి వంచుకోవలెను. అడుగు సున్నాన్ని పారవేయండి. ఆ తేటనీటి బకెట్టును తాడుతో బావిలోకి దించి, పైకీ కిందికీ ఆడించి కలపవలెను. గంట ఆగిన తరువాత నీటికి ఆ మందు వాసన కొంచెం తగలవలెను. తగలకపోతే మరల అదే మోతాదు వేయవలెను. పంచాయతీవారిచేత క్లోరిను పరీక్ష చేయించి, బాగున్నదని తేలే వరకు కాచి తాగడం మానరాదు. మూత తీసి ఏడాది పాటు అటక మీద ఉంచిన పొడికి ఘాటు ఉండదు. దానిని వేసినా వేయనట్లే.

గింజ విషయం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోత కోసిన పనలు చేలలోనే మునిగాయి. అటువంటప్పుడు ముందు చేనిలో నీరు తీసి, లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపిన ద్రావణాన్ని వెన్నులు తడిసేటట్లు చల్లవలెను. మొలక ఆగుతుంది.

ఇంటిలోని పురిని, గాదెను మాత్రం తిరిగి వచ్చిన రోజే విప్పవలెను. పైనున్న పొడి గింజను వేరుగా తీయండి. తడి గింజతో కలిస్తే రెండూ పోతాయి. తడి గింజను పశువుల చావడిలో, బడి వసారాలో, ఎక్కడ నీడ ఉంటే అక్కడ బరకాల మీద పలుచగా పరచి, మాటిమాటికీ తిరగవేయవలెను. మబ్బు విడవకపోతే క్వింటాలు ధాన్యానికి ఒక కిలో ఉప్పు, 20 కిలోల పొడి ఊక కలిపి పోగు పెడితే నాలుగైదు రోజులు మొలకెత్తకుండా ఆగుతుంది. ఊక తడిని పీల్చుకుంటుంది. ఎండ వచ్చిన తరువాత ఆరబోసి తూర్పారపట్టవలెను. ఎండ కనిపించగానే కాలిపోతున్న సిమెంటు రోడ్డు మీద పోయకండి. తడి గింజ ఒక్కసారిగా ఎండితే మిల్లులో నూక అవుతుంది. కొనుగోలు కేంద్రానికి 17 శాతం తేమ వరకు పనికివచ్చినా, ఇంట నిలువకు 14కు మించరాదు.

బూజు పట్టిన వేరుసెనగ, మొక్కజొన్న, తవుడు పశువుకు పెడితే కలిసివస్తుందని కొందరనుకుంటారు. ఆ బూజు విషం కాచినా పోదు, పాలలోకి కూడా దిగుతుంది. పశువులకు గొంతువాపు టీకా వేయించకపోయి ఉంటే పశువైద్యునితో వెంటనే మాట్లాడవలెను. చచ్చినవాటిని బావికి దూరంగా లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చవలెను.

పెరటి కొబ్బరిని తొందరపడి నరికించకండి. మట్టలు విరిగినా మొవ్వు నిలిచిన చెట్టు తిరిగి కోలుకుంటుంది. విరిగిన మట్టలు తీసి, మొవ్వు కుళ్ళకుండా లీటరు నీటికి మూడు గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడు కలిపి మొవ్వులో పోయించవలెను.

దాళ్వాకు విత్తనం దాచుకొన్నవారు ఉప్పు కలిపిన గింజను ఆ పనికి వాడరాదు. నీరు తగలని గింజనైనా నమ్మి నారుమడిలో చల్లకండి. నూరు గింజలు లెక్కపెట్టి తడిగుడ్డలో చుట్టి, గుడ్డ ఆరకుండా చూచుకుంటూ వారం రోజుల తరువాత విప్పి చూడండి. ఎనభైకి తక్కువ మొలిస్తే వేరే విత్తనం వెతుక్కోవలెను. తుపాను తరువాత ఊరంతా ఒక్కసారే విత్తనానికి పోతుంది, కనుక ఆ గుడ్డను ఇంటికి వచ్చిన మొదటి వారంలోనే చుట్టి పెట్టండి.