యాభై నిండిన వ్యాగన్

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

మన కార్యదర్శి నాకు ఫోన్ చేసి, "పదిహేను నిమిషాలు మాట్లాడు. ఉద్యోగం గురించి మాత్రం వద్దు. కిందటిసారి ఒకడు వాడి కంపెనీ గురించి చెప్పి అందరినీ నిద్రపుచ్చాడు" అన్నాడు. అందుకని నా పిచ్చి గురించి చెబుతాను. చికాగో పక్కనున్న ఊళ్ళో ముప్పై ఏళ్ళుగా ఉంటున్నాను. నాకిప్పుడు అరవై ఆరేళ్ళు. ప్రతి మంగళవారం రాత్రి బొమ్మరైళ్ళతో ఆడుకుంటాను.

నవ్వండి, ఫరవాలేదు. మా ఆవిడ ఇంకా నవ్వుతూనే ఉంది.

ఇదిగో, ఈ చేతిలో ఉన్నది గూడ్సు వ్యాగన్. అసలుదానికి 87వ వంతు. పొడవు 14 సెంటీమీటర్లు, బరువు నూరు గ్రాముల పైచిలుకు. బరువు కూడా మా ఇష్టం కాదు. అమెరికాలో ఈ సరదా ఉన్నవాళ్ళకి 1935లో పుట్టిన జాతీయ సంఘం ఒకటి ఉంది. పట్టాల మధ్య దూరం ఎంత ఉండాలో, చక్రం అంచు ఎలా ఉండాలో, ఎంత పొడవు వ్యాగన్‌కి ఎంత బరువు మంచిదో ఆ సంఘమే చెబుతుంది. ఎందుకంటే ఒకరింట్లో చేసిన వ్యాగన్ ఇంకొకరింటి పట్టాల మీద కూడా పడిపోకుండా నడవాలి కదా.

ఈ వ్యాగన్ పక్కన చిన్న అక్షరాలున్నాయి. వెనకవాళ్ళకి కనబడదు కాబట్టి నేనే చదువుతాను: తయారీ 7-74. అంటే 1974 జూలై. అమెరికాలో ప్రతి గూడ్సు వ్యాగన్ ఒంటి మీదా పుట్టిన తేదీ రాసి ఉంటుంది. మనలాగా వయసు దాచుకునే వీలు దానికి లేదు. ఎందుకు రాస్తారంటే, వయసుకు ఒక నిబంధన ఉంది. 1974 జూలై 1కి ముందు తయారైన వ్యాగన్‌కి 40 ఏళ్ళు, ఆ రోజు నుంచి తయారైనదానికి 50 ఏళ్ళు. అది నిండితే మామూలుగా ఇతర కంపెనీల పట్టాల మీదికి రానివ్వరు. తనిఖీ చేసి, బాగుచేసి, అనుమతి తెచ్చుకుంటే కొన్నింటికి మరికొన్నేళ్ళు పొడిగింపు దొరుకుతుంది.

నేను పదో తరగతి పాసైంది 1974లో. మన సంఘం పుట్టిందీ ఆ ఏడాదే. కాబట్టి ఈ వ్యాగనూ, మన సంఘమూ ఒక ఈడువి. ఈ సభలో మా బ్యాచివాళ్ళని చూస్తే, తనిఖీ చేసి, బాగుచేసి, పొడిగింపు తెచ్చుకున్నవాళ్ళే ఎక్కువమంది కనబడుతున్నారు. మోకాళ్ళు మార్పించుకున్నవాళ్ళు చేతులెత్తక్కర్లేదు.

ఇతర కంపెనీల పట్టాలు అన్నాను. అది కొంచెం విప్పి చెప్పాలి. మనకి రైలంటే ఒకటే యాజమాన్యం. అమెరికాలో గూడ్సు రైళ్ళు ప్రైవేటు కంపెనీలవి, ఒకప్పుడు వందల్లో ఉండేవి. ఒక మూల బంగాళాదుంపలు నింపుకున్న వ్యాగన్ నాలుగు కంపెనీల పట్టాలు దాటి ఇంకో మూలకి చేరేది. దారిలో చక్రం చెడితే ఎవరు బాగుచేయాలి? డబ్బు ఎవరివ్వాలి? ఖాళీ అయ్యాక ఎవరు ఇంటికి పంపాలి? ఈ తగాదాలు తేల్చుకోవడానికి వ్యాగన్ల పని చూసేవాళ్ళు 1867లోనే ఒక సంఘంగా కూడి నిబంధనలు రాసుకోవడం మొదలుపెట్టారు. 1934 నుంచి ఆ పని అమెరికన్ రైల్‌రోడ్ల సంఘం చూస్తోంది.

అందులో నాకు భలే నచ్చింది అర్ధరాత్రి లెక్క. చాలాకాలం వ్యాగన్ అద్దె రోజుల లెక్కన ఉండేది. రాత్రి పన్నెండు కొట్టేసరికి పరాయి వ్యాగన్ ఎవరి పట్టాల మీద ఉంటే ఆ రోజు అద్దె వాళ్ళ నెత్తిన పడేది. అందుకని పదకొండున్నర నుంచీ యార్డుల్లో ఒకటే హడావుడి. పరాయి వ్యాగన్లన్నీ పక్క కంపెనీకి తోసేసేవాళ్ళు. మన లైబ్రరీ పుస్తకం గడువు ఆఖరిరోజున పక్కవాడి సంచిలో పెట్టేసేవాళ్ళం చూడండి, అచ్చం అలాగే. ఖాళీ వ్యాగన్‌ని ఎటుబడితే అటు పంపకూడదు, సరుకు దొరికితే దాని సొంతింటి వైపు వెళ్ళేదే ఎక్కించాలి అని ఇంకో నియమం. మా మంగళవారం ఆట ఇదే. ప్రతి బొమ్మ వ్యాగన్‌కీ ఒక కార్డు, దాని వెంట సరుకు చీటీ ఉంటాయి. ఎక్కడిది, ఎక్కడికి, ఏ దారిన అన్నీ అందులో ఉంటాయి. చీటీ చూసుకుని నలుగురం కలిసి వ్యాగన్లని చేర్చాల్సిన చోటికి చేరుస్తాం. గుండ్రంగా తిప్పడం కాదు, పని చేయడం.

అన్ని నిబంధనలూ ప్రాణాల కోసం పుట్టినవి కావు. వ్యాపారం కోసం పుట్టినవీ ఉన్నాయి. మాంసం, వెన్న, బీరు మోసే మంచు వ్యాగన్ల మీద ఒకప్పుడు కంపెనీలు నిలువెత్తు ప్రకటనలు రంగురంగుల్లో వేయించుకునేవి. ఒకరి సరుకు పోటీదారుడి ప్రకటన ఉన్న వ్యాగన్‌లో వెళ్ళాల్సి వస్తే ఎవడూరుకుంటాడు? పైగా ఆ వ్యాగన్ల అద్దె మాటున పెద్ద వ్యాపారులకి దొడ్డిదారిన రాయితీ అందుతోందని తేలింది. 1934లో ప్రభుత్వ కమిషన్ తీర్పు చెప్పింది. 1937 వచ్చేసరికి ఆ బొమ్మల వ్యాగన్లు పట్టాల మీద నిషిద్ధం అయిపోయాయి. బొమ్మల దుకాణాల్లో మాత్రం ఇప్పటికీ అవే ముందు అమ్ముడుపోతాయి.

ఇప్పుడు నా మొదటి పరాభవం చెబుతాను. మేం ఆడుకునే ఇల్లు రైల్లో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయనది. ఆ ఇంటి నేలమాళిగలో ఎప్పుడూ 1956 అక్టోబరే. చెట్ల ఆకులు ఎర్రబడి ఉంటాయి, కార్లన్నీ ఆ కాలానివే. నేను రెండు నెలలు కష్టపడి ఒక వ్యాగన్ కట్టి, రంగువేసి, గర్వంగా తీసుకెళ్ళి పట్టాల మీద పెట్టాను. ఆయన కళ్ళద్దాలు సవరించుకుని చూసి, "బాగా చేశావు. కానీ ఇది ఇంకా పుట్టలేదే" అన్నాడు.

మూడు తప్పులు చూపించాడు. ఒకటి, పక్కన రంగుచారల పట్టీ. అది పట్టాల పక్కనుండే యంత్రం చదివి వ్యాగన్ నంబరు గుర్తుపట్టడానికి పెట్టింది. 1967లో వచ్చింది. దుమ్ము, మసి పట్టి యంత్రం సరిగా చదవలేక 1977లో వదిలేశారు. రెండు, నల్ల చదరంలో పసుపు చుక్క. ఒక రకం చక్రాలు విరుగుతున్నాయని 1978లో ప్రతి వ్యాగన్‌నీ తనిఖీ చేశారు. ఆ రకం చక్రం లేకపోతే పసుపు చుక్క, ఉంటే తెల్ల చుక్క. మూడోది, నా వ్యాగన్ పైకప్పు మీద నడకబాట లేదు.

ఆ నడకబాట కథ విన్నాకే నాకు ఈ సరదా సరదాగా మిగల్లేదు. గాలిబ్రేకులు రాకముందు బండి ఆపాలంటే బ్రేకులవాళ్ళు పెట్టెల మీదికెక్కి, ఒక కప్పు మీంచి ఇంకో కప్పు మీదికి దూకుతూ, ప్రతి వ్యాగన్ మీదా ఉన్న చేతిచక్రం తిప్పి బిగించాలి. బండి నడుస్తూ ఉండగానే. రాత్రయినా, మంచు పడుతున్నా. కాలు జారితే చక్రాల కిందికే. వాళ్ళు నడవడానికి వేసిన చెక్కబాట అది. గాలిబ్రేకులు వచ్చి కప్పు మీద పని తగ్గిపోయాక కూడా చాలాకాలం ఆ బాట ఉండితీరాలన్నారు. ఉంటే ఎవరో ఒకరు ఎక్కుతూనే ఉంటారు, పడుతూనే ఉంటారు. 1966లో కొత్త వ్యాగన్లకి అక్కర్లేదన్నారు. తర్వాత పాతవాటికీ మెల్లగా తీసేశారు.

అప్పుడు ఆ పెద్దాయన రెండు వ్యాగన్లు పట్టుకుని ఒకదానికొకటి తగిలించాడు. టిక్కుమని అతుక్కున్నాయి. "ఇది మాత్రం సరిగ్గానే పెట్టావు. దీని ముందు ఏముండేదో తెలుసా?" అన్నాడు.

దీని ముందు లింకూ మేకూ ఉండేవి. రెండు వ్యాగన్ల మధ్య మనిషి నిలబడాలి. వ్యాగన్ కదిలి వస్తుంటే ఇనప లింకుని చేత్తో ఎత్తి ఎదుటి దాని నోట్లోకి దూర్చి, సమయానికి చెయ్యి లాక్కుని, పైనుంచి మేకు దించాలి. చెయ్యి లాక్కోవడం క్షణం ఆలస్యమైతే వేళ్ళుండవు. ఏటా వేలమందికి దెబ్బలు తగిలేవి. పనికోసం వచ్చినవాడికి అనుభవం ఉందో లేదో వేళ్ళు లెక్కపెట్టి తెలుసుకునేవారని అక్కడ చెప్పుకుంటారు. ఈలై జానీ అనే ఆయన 1873లోనే, రెండు చేతులు వేళ్ళు మడిచి కొక్కెంలా పట్టుకున్నట్టుండే కప్లరుకి పేటెంటు తీసుకున్నాడు. మనిషి మధ్యలో నిలబడక్కర్లేదు. తగిలితే చాలు, అదే పట్టుకుంటుంది. కానీ లక్షల వ్యాగన్లకి మార్చాలంటే ఖర్చు. లొరెంజో కాఫిన్ అనే అయోవా రైతు ఏళ్ళ తరబడి ఊరూరా తిరిగి, సభల్లో లేచి నిలబడి, ఉత్తరాలు రాసి పోరాడాడు. 1893 మార్చి 2న చట్టమైంది. కప్లరు కనిపెట్టిన ఇరవై ఏళ్ళకి. ఆ చట్టం పూర్తిగా అమల్లోకి వచ్చేసరికి 1900 అయింది.

మన గూడ్సు బండ్లకి ఇప్పుడు చూసే కప్లరు కూడా ఆ వంశానిదే. కానీ మన చిన్నప్పుడు చాలా వ్యాగన్లకి మరకొక్కెం కప్లింగే ఉండేది. మనిషి వంగి బఫర్ల మధ్యకి దూరి, బరువైన లింకు ఎత్తి కొక్కేనికి తగిలించి, మర తిప్పి బిగించాలి.

మీలో కొందరికి తెలుసు, మా నాన్న ఒక ఫ్యాక్టరీ సైడింగులో షంటింగు పని చేసేవారు. ఏ ఫ్యాక్టరీ అనేది ఇప్పుడు అనవసరం. నేను మూడో తరగతిలో ఉండగా ఒకరోజు బిగించకుండానే వ్యాగన్ కదిలింది. ఎడమచేతి రెండు వేళ్ళు పోయాయి. నెల తిరక్కుండా మళ్ళీ అదే పనికి వెళ్ళారు. ఇంట్లో ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

పదో తరగతి వార్షికోత్సవంలో నాకు డ్రాయింగులో బహుమతి వచ్చింది. నాన్న ఉతికిన పంచె కట్టుకుని బయల్దేరారు. గేటు దగ్గర నేనాయనతో ఒక మాటన్నాను. "చెయ్యి తువ్వాల్లో పెట్టుకో నాన్నా, అందరూ చూస్తారు" అని. ఆయన ఏమీ అనలేదు. ఎడమచేతికి తువ్వాలు చుట్టుకున్నారు. సభయ్యాక డ్రాయింగు మాస్టారు దగ్గరికొచ్చి, "మీవాడు మంచి గీత గీస్తాడండీ" అని నమస్కారం పెట్టారు. రెండు చేతులూ జోడించాలంటే తువ్వాలు తీయాలి. నాన్న నా వైపు చూశారు. తల మాత్రం ఊపారు. మాస్టారు ఏమనుకున్నారో తెలియదు. పొగరుబోతనుకుని ఉండవచ్చు.

ఆ నేలమాళిగలో, 1956 అక్టోబరులో, టిక్కుమన్న ఆ చప్పుడుకి నాకీ సంగతంతా గుర్తొచ్చింది. అప్పటికి నాన్న పోయి పదకొండేళ్ళు. నేను చిన్నబ్రష్షుతో, భూతద్దం పెట్టుకుని, ఏ చుక్క ఏ ఏడాదిదో, ఏ మెట్టు ఎక్కడుండాలో తప్పులేకుండా వేయాలని తాపత్రయపడుతున్నానే, ఆ ప్రతి మెట్టు వెనకా, ప్రతి పట్టుకమ్మీ వెనకా ఎవరింటికో చుట్టుకున్న తువ్వాలుతో తిరిగొచ్చిన మనిషి ఉన్నాడు. నేను సిగ్గుపడ్డ చెయ్యి ఎలాంటిదో, దాన్ని ఆపడానికి ఒక దేశంలో ఎంతమంది ఎన్నేళ్ళు పోరాడారో అప్పటికిగాని నాకు తెలియలేదు.

ఇక్కడున్న పిల్లలకి ఒక్కటే చెబుతాను. బళ్ళోగాని, పనిలోగాని ఏదైనా నిబంధన చాదస్తంగా కనబడితే తిట్టుకోండి, తప్పులేదు. కానీ తీసేసేముందు అది ఎవరికేం జరిగితే పుట్టిందో ఒక్కసారి అడగండి. పైకప్పు మీద నడకబాటలాగా కాలం చెల్లినవీ ఉంటాయి. అవీ అడిగితేనే తెలుస్తాయి.

ఈ వ్యాగన్‌నీ, దీనికి జోడీగా ఇంకోదాన్నీ మన సైన్సు గదికి ఇస్తున్నాను. అద్దాల బీరువాలో పెట్టి తాళం వేయకండి. పిల్లలు చేత్తో తోసి కలపాలి. వేళ్ళు మధ్యలో పెట్టక్కర్లేదని వాళ్ళకి తెలియాలి.

ఆఖరుగా ఒక మాట. ఆ డ్రాయింగు మాస్టారు ఇవాళ ముందు వరసలో ఉన్నారు. మాస్టారూ, ఆ రోజు మా నాన్న మీకు నమస్కారం పెట్టలేదు. అందులో ఆయన తప్పేమీ లేదు, నేనే పెట్టనివ్వలేదు. యాభై ఏళ్ళు ఆలస్యమైంది. ఆయన తరఫున ఇవాళ నేను రెండు చేతులూ జోడించి పెడుతున్నాను, స్వీకరించండి.

సెలవు.