ఓడపట్టీలలో మన ఊళ్లు
(నంద్యాల పఠనాలయ సభయందు చదివిన ప్రసంగపాఠము)



వంశచరిత్ర యనగానే మనకు రాజులును, జమీందారులును, మఠాధిపతులును జ్ఞప్తికి వత్తురు. శాసనములు వారివి, కైఫీయతులు వారివి, దానపత్రములు వారివి. దుక్కి దున్నినవానికిని, కోత కోసినదానికిని చరిత్ర లేదని మనలో పలువురి తలంపు. ఆ తలంపు సరికాదని మనవి చేయుటకే మేము నేడు మీ యెదుట నిలిచితిమి. నిరుపేద కూలీని గూర్చి అతని పేరు, తండ్రిపేరు, వయస్సు, ఊరు, ఎత్తు, ఒంటిమీది మచ్చ మొదలగునవన్నియు వ్రాసి యుంచిన పుస్తకములు కలవు. అవి అతనిపై గౌరవముచే వ్రాసినవి కావు. సరకు లెక్కించినట్లు మనుష్యుని లెక్కించుటకు వ్రాసినవి. అయినను నేడు సముద్రమున కావలనున్న తెలుగుబిడ్డలకు తాతముత్తాతల ఊరికి త్రోవ చూపగలవి ఆ పుస్తకములే. వానినే ఓడపట్టీలనియు, వలసపాసులనియు అందురు.

ఈ పట్టీలు పుట్టిన విధము మొదట చెప్పవలెను. బ్రిటిషు వలసరాజ్యములలో 1834లో బానిసత్వము రద్దు కాగా చెఱకుతోటల దొరలకు పనివారు కావలసి వచ్చిరి. ఆ యేటి నవంబరు 2వ తేదీననే కలకత్తా నుండి ‘అట్లాసు’ అను ఓడ కొనిపోయిన ఒడంబడిక కూలీలు మారిషసులో దిగిరి. 1860 నవంబరు 16వ తేదీన ‘ట్రూరో’ అను ఓడ చెన్నపట్టణము నుండి 342 మందితో నేటాలులోని డర్బను రేవు చేరెను. 1911 వఱకు నేటాలు చేరినవారు 1,52,184 మంది. వారిలో అధికసంఖ్యాకులు చెన్నపట్టణపు రేవున ఓడ నెక్కినవారే. ఫిజీ దీవులకు 1879 మొదలు 1916 వఱకు అఱువదివేలకు పైగా పోయిరి. చెన్నపట్టణపు ఓడలు ఆ దీవులకు 1903 నుండి నడచెను. అయిదేండ్ల ఒడంబడికకు కూలీల నోట ‘గిర్మిట్టు’ అని పేరు వచ్చెను. ఈ పద్ధతిని మాన్పవలెనని గోఖలే మహాశయుడు 1910లోను, మాలవ్యా పండితుడు 1916లోను శాసనసభలో పోరాడిరి. 1911లో నేటాలునకును, 1917లో తక్కిన దేశములకును ఈ కూలీల రవాణా నిలిచెను. 1920 జనవరి 1వ తేదీన ఫిజీలో మిగిలిన ఒడంబడికలు రద్దయ్యెను.

పద్ధతి పోయినది, కాగితములు నిలిచినవి. కూలీని కుదిర్చిన మేస్త్రీ మొదట వానిని జిల్లాలోని అధికారి యెదుట నిలిపి రిజిష్టరు చేయించవలెను. పిదప చెన్నపట్టణపు డిపోలో వైద్యుడు పరీక్షించును. వలసదారుల రక్షకుడను అధికారి పాసుపై చేవ్రాలు చేయును. ఆ పాసులో ఓడపేరు, జిల్లా, తాలూకా, గ్రామము, కులము, దగ్గఱి బంధువుపేరు, పెండ్లి యైనచో ఎవరితో నైనదియు వ్రాయుదురు. అవతలి రేవున దిగగానే ప్రతివానికి ఒక సంఖ్య నిచ్చి పట్టీ కెక్కింతురు. ఆ సంఖ్యయే జీవితాంతము వాని వెంట నుండును. నేటాలులో పెండ్లి యైనను, బిడ్డ పుట్టినను, చనిపోయినను ఆ సంఖ్యతోనే నమోదు.

కావున వెదుకువారు ఓడతో ప్రారంభింపరాదు, ఇంటితో ప్రారంభింపవలెను. అవ్వ పెట్టెలోని పాత వివాహపత్రము, మరణపత్రము, సమాధిరాయి చూచి ముందుగా ఆ సంఖ్యను సంపాదింపవలెను. సంఖ్య దొరకిన పిమ్మట ఓడయు, ఓడ వెంట ఊరును దొరకును. మారిషసు పట్టీలు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థయందును, నేటాలు పట్టీలు డర్బనులోని దస్తావేజుల భాండారమునందును, ఫిజీ పాసులు సువాలోని జాతీయ భాండారమునందును భద్రముగా నున్నవి. మారిషసులో పలువురు కూలీల ఛాయాపటములు సైతము కలవు. ఫిజీ, గయానా, సురినాము, ట్రినిడాడు దేశముల కూలీపత్రములను 2011లో యునెస్కో ప్రపంచస్మృతి పట్టికలో చేర్చినది. ఒకనాడు లెక్కపుస్తకము, నేడు లోకమునకే స్మారకము.

ఇక మన సీమ సంగతికి వత్తము. నంద్యాల జిల్లా 2022లో ఏర్పడినది. పాత పట్టీలలో ఆ పేరిట జిల్లా నుండదు. కర్నూలు అనియే యుండును. కర్నూలు అని యున్నంత మాత్రమున ఈ ప్రాంతమే యనుటకును వీలులేదు. పిదప ప్రకాశము జిల్లాలో చేరిన మార్కాపురము, కంభము సీమలు 1970 వఱకు కర్నూలు జిల్లాలోనివే. ఆళ్లగడ్డ పేరిట ఆంగ్లేయుల కాలమున తాలూకా లేదు. ఆ ప్రాంతము శిరివెళ్ల తాలూకా. కావున ఆళ్లగడ్డవాడు తాలూకా గడిలో ‘ఆళ్లగడ్డ’ను వెదకిన యెడల కనబడదు, ‘శిరివెళ్ల’ను వెదకవలెను. అదియు ఆంగ్లలిపిలో ‘సిర్వెల్’ అని యుండును. ‘మద్రాసు’ అని మాత్రమే వ్రాసియున్న చోట అది పట్టణము కాదు, రాజధాని యంతయు అని గ్రహింపవలెను. ఫిజీలో తెలుగువాడును, అరవవాడును, మలయాళియు ‘మద్రాసీ’ అను ఒక్క పేరున అణగిపోయిరి.

పేర్లును కొంత త్రోవ చూపును. అహోబిలము నీడలో పుట్టినవారు ఓబులేసు, ఓబులమ్మ యగుదురు. మద్దిలేటిస్వామికి మ్రొక్కి కన్నబిడ్డ మద్దిలేటి; మహానందికి మ్రొక్కి కన్నవాడు మహానందయ్య; నందవరము అమ్మవారి పేరిట చౌడమ్మ. తెలుగెఱుగని గుమాస్తా చెవికి వినబడినట్లు వ్రాసినను, ఆ పేరును మన నోట ఒకసారి బిగ్గఱగా చదివినచో లోని దేవుడు బయటపడును. అయితే ఓబులేసులు కడప, అనంతపురము సీమలలోను కలరు. పేరు సూచనయే గాని సాక్ష్యము కాదు. తండ్రిపేరును, గ్రామమును, వయస్సును కలిసి వచ్చినప్పుడే నమ్మవలెను. వయస్సు సైతము అధికారి చూపునకు తోచినదే. కులపు గడిలో ఉన్నదంతయు నిజమనుకొనరాదు. ఊరు విడిచినవాడు కులమును మార్చి చెప్పుకొనుట కలదు. నూఱుగురు మగవారికి నలువదిమంది స్త్రీలను కొనిపోవలెనను నిబంధన యుండుటచే, డిపోలో కలిసినవారు భార్యాభర్తలుగా వ్రాయించుకొనుటయు కలదు. అది చూచి ఏ తల్లిని గూర్చియు తేలికగా మాటాడరాదు.

అన్నిటికంటె పెద్దలోపము మఱియొకటి. ఆ పాసులో ఇంటిపేరునకు గడి లేదు. తెలుగువాని వంశమునకు ఇంటిపేరు ప్రాణము. పాసులో తండ్రిపేరు, కులము మాత్రమే నిలిచినందున అవతల పుట్టిన మనుమలకు తాతపేరో, కులపుపేరో కుటుంబనామమైనది. డర్బనులో నాయుడులు, రెడ్లు అనేకులు; ఏ యింటి నాయుడు, ఏ యింటి రెడ్డి యను ప్రశ్నకు ఓడపట్టీ మౌనము వహించును. వారికి ఊరిపేరు కలదు, ఇంటిపేరు లేదు. మనకు ఇంటిపేరు కలదు, పోయినవాని జాడ లేదు. ఒక్క తాళపత్రమును నడుమకు చించి ఆ దరిని ఒక ముక్క, ఈ దరిని ఒక ముక్క ఉంచినట్లున్నది. రెండును అతుకుటకు గ్రామమే తావు. గ్రామములోని పని మనది.

ఆ పని యెట్టిది? 1876–78 నాటి ధాత, ఈశ్వర సంవత్సరముల కఱవును మన పెద్దలు మఱువలేదు. 1871 జనాభాకంటె 1881 జనాభా కర్నూలు జిల్లాలో పావువంతునకు పైగా తగ్గెను. ఆ కఱవులో కనబడకుండ పోయినవారందఱును చచ్చినవారే యని మన ఇండ్ల లెక్క. ఆ కాలముననే చెన్నపట్టణము నుండి నేటాలు ఓడలు నడచుచుండెను. కూటికై తూర్పునకు నడచిన వారిలో ఎవడు త్రోవలో పడెనో, ఎవడు ఓడ నెక్కెనో పట్టీ విప్పక తేలదు. కావున ప్రతి గ్రామమునను ‘పోయి రానివారి’ పట్టిక యొకటి వ్రాయవలెను. అన్నదమ్ములలో ఒకడు దేశాంతరము పోయెనను మాట ఏ యింట విన్నను ఇంటిపేరు, తండ్రిపేరు, సుమారు కాలముతో వ్రాసికొనవలెను. మజరాల పేర్లు, బేచిరాకు గ్రామముల పేర్లు, మాఱిన ఊరిపేర్లు సేకరింపవలెను. పాసులోని ఊరు నేడు లేని ఊరై యుండవచ్చును. 1984లో కరణీకములు రద్దయిన పిమ్మట అటకలమీద చెదలు తినుచున్న ఊరికాగితములను కాపాడవలెను. ఇనాము రిజిష్టర్లలోను, సెటిల్మెంటు రిజిష్టర్లలోను ఆనాటి భూమిగలవారి పేర్లు దొరకును. భూమిలేనివాని జాడకు పెద్దల జ్ఞాపకమే రిజిష్టరు. ఆ పెద్దలు దినదినమును తఱిగిపోవుచున్నారు.

బర్మా పోయినవారి కథ వేఱు. 1937 వఱకు బర్మా ఇండియాలోని భాగమే గనుక రంగూను ఓడకు వలసపాసు అక్కఱలేకపోయెను. అట్టివారికి ఇంటి ఉత్తరములే ఆధారము. ఉత్తరములను పొయ్యిలో వేయకుడని వేడుచున్నాము.

ఒక భయమును గూర్చి దాపఱికము లేక చెప్పుదుము. దూరదేశమువాడు తాతపేరు చేతబట్టి ఊరికి వచ్చినప్పుడు ‘పాలు అడుగ వచ్చినాడేమో’ యని తలుపు వేయువారు కలరు. వెదకి వచ్చువాడు కోరునది ఎకరము కాదు. మా తాత ఈ ఊరివాడే యను ఒక్క మాట. మఱికొందఱికి సిగ్గు: మా వంశమున కూలి యెవడును లేడందురు. సిగ్గుపడవలసినది మనుష్యుని సంఖ్యగా మార్చినవాడు. ఆ సంఖ్యను మోసియు భాషను విడువనివారు కారు. దక్షిణాఫ్రికాలో 1931లో ఆంధ్రమహాసభను స్థాపించుకొన్నది ఆ కూలీల సంతతియే.

స్వరాజ్యము వచ్చినది, జెండా ఎగిరినది. పేరు తుడిచి సంఖ్య వేసిన అన్యాయము మాత్రము జెండాతో తీరునది కాదు. ఒక్కొక్క సంఖ్యకు మరల ఇంటిపేరు చేర్చిననే తీరును. ఆ ఇంటిపేర్లు నంద్యాల, ఆళ్లగడ్డ సీమల గడపలలోనే యున్నవి. ఈ పఠనాలయపు బల్లమీద రేపటినుండియే ఒక పుస్తకము తెఱచి మొదటి గ్రామమును వ్రాయుడని మా ప్రార్థన.