ఫోన్‌లో వచ్చే ట్యాక్స్ ఆఫీసరు
(ఎర్రగుంట్లలో జరిగిన మన సంఘం సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆటపాటలు అయినాక ఈ ట్యాక్సుల మాట ఏందప్పా అని కొందరికి అనిపించొచ్చు. సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనికి పోయేవాళ్లం, గనుల్లో నాపరాయి తీసేవాళ్లం, మనకు ఇన్‌కమ్ ట్యాక్స్‌తో ఏం పని? నిజమే. కొత్త పద్ధతిలో ఏడాదికి 12 లక్షల ఆదాయం దాకా ఇప్పుడు పన్ను పడదు, సేద్యం మీద వచ్చే ఆదాయానికి అసలే లేదు. కానీ ఫోన్ చేసే దొంగకు మన ఆదాయంతో పని లేదు, మన భయంతోనే పని.

ఆ భయం ఎక్కడిదో మనకు తెలుసు. 1871లో తెల్లదొరలు తెచ్చిన నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు ప్రాంతానికీ వచ్చింది. ఎన్నో ఎరుకల, సుగాలి కుటుంబాలు రిజిస్టర్లకెక్కాయి. వేలిముద్రలు వేయాలి, ఊరు దాటాలంటే చీటీ కావాలి, పోలీసుల ముందు హాజరు పలకాలి. 1952 నాటికి ఆ చట్టం దేశమంతటా పోయింది గానీ, ఆఫీసరు గొంతు పెంచితే చేతులు కట్టుకునే అలవాటు మన ఇండ్లలో ఇంకా పోలేదు. ఫోన్‌లో దొంగ వాడుకునేది దాన్నే.

వాడు మన పేరు, పాన్ నంబరు చదివి వినిపిస్తాడు. వాట్సాప్‌లో టోపీ పెట్టుకున్న ఫొటో ఉంటుంది. "నీ పేరు మీద పన్ను బాకీ ఉంది, గంటలో కట్టకపోతే అరెస్టు, ఇంట్లో ఎవరికీ చెప్పొద్దు" అంటాడు. ఆ చివరి మాట దగ్గరే పట్టుకోవాలి. ఏ ప్రభుత్వ ఆఫీసూ ఇంట్లోవాళ్లకు చెప్పొద్దని అనదు. కొందరు భయపెట్టరు, ఆశ చూపిస్తారు. రీఫండ్ వచ్చింది, ఈ లింకు నొక్కు అంటారు.

చదువుకున్నోళ్లు పడరులే అనుకోవద్దు. 2016 అక్టోబరులో ముంబై పక్కన మీరా రోడ్డులో పోలీసులు కాల్ సెంటర్లను పట్టుకున్నారు. అక్కడి కుర్రాళ్లు అమెరికా పన్నుల శాఖ అధికారులమని చెప్పి అమెరికాలో ఉన్నవాళ్ల దగ్గరే డబ్బు లాగినారు.

అసలు శాఖ కూడా మెసేజులు పంపుతుంది, అందుకే తికమక. కానీ అది ఫోన్‌లో పిన్ను, ఓటీపీ, కార్డు నంబరు అడగదు. 2019 అక్టోబరు 1 నుంచి ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే నోటీసు మీద డిన్ అనే నంబరు ఉండాలి. ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో లాగిన్ కాకుండానే ఆ నోటీసు అసలుదో కాదో చూసుకోవచ్చు. పన్ను కట్టాల్సి వచ్చినా ఆ పోర్టల్‌లో చలానా తీసి కట్టేదే గానీ, ఎవరి ఫోన్‌పే నంబరుకో పంపేది కాదు.

ఇంకో సంగతి, దీన్ని ఎక్కువమంది పట్టించుకోరు. లోను ఇప్పిస్తామని వచ్చినోళ్లకు ఆధార్, పాన్ జిరాక్సులు ఇచ్చేస్తుంటాం. కూలోళ్ల పాన్ మీద జీఎస్టీ కంపెనీలు తెరిచిన కేసులు దేశంలో చాలా బయటపడినాయి. అప్పుడు వచ్చే నోటీసు అసలుదే. దాన్ని మోసమని పొయ్యిలో వేస్తే గడువు దాటిపోతుంది. జీఎస్టీ పోర్టల్‌లో పాన్ నంబరు కొట్టి చూస్తే మన పేరు మీద ఏ కంపెనీలు ఉండేదీ తెలుస్తుంది.

డబ్బు పోయినాక సిగ్గుపడి రెండు రోజులు ఇంట్లో కూర్చోవద్దు. వెంటనే 1930కి ఫోన్ చేయండి. తొందరగా చెప్తే ఆ డబ్బు అవతల ఖాతాలో ఉండగానే ఆపే వీలుంటుంది. ఫోన్ చేయడం రాకపోతే పోలీసుల దగ్గరికి పోయి చెప్పండి.

సభ అయినాక వెనక బల్ల దగ్గర మన పిల్లోళ్లు ఇద్దరు ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంటారు. ఎవరికైనా నోటీసు వచ్చి ఉంటే వాళ్లకు చూపించండి, పాన్ కార్డు తెచ్చినోళ్లు కంపెనీల సంగతి ఇప్పుడే చూసుకుని పోవచ్చు. ఓటీపీ మాత్రం వాళ్లకు కూడా చెప్పొద్దు.