బడికి ముందు బడి

(భిలాయి, వైశాలి నగర్‌లో జరిగిన మన సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సైన్యంలో చేరిన కుర్రాడికి మొదటి రోజే రైఫిలిచ్చి కాల్చమంటారా? అనరు కదా. వైద్య పరీక్ష, కడుపునిండా తిండి, వేళకు లేవడం, పక్కవాడితో కలిసి అడుగు వెయ్యడం... ఇవయ్యాకే ఆయుధం. మూడేళ్ళ పిల్లకి మాత్రం చేరిన రోజే పలకా బలపం ఇచ్చి దిద్దమంటాం! పక్కింటి నర్సరీ పాప ఏబీసీడీలు అప్పజెబుతోందని అంగన్‌వాడీని చిన్నచూపు చూస్తాం.

1975 అక్టోబర్ 2న కేంద్ర ప్రభుత్వం 33 ప్రాజెక్టులతో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం మొదలుపెట్టినప్పుడే తిండి, టీకాలు, ఆరోగ్య పరీక్షలతో పాటు మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు బడికి ముందు చదువునూ అందులో చేర్చింది. పిల్లల చావులు, జబ్బులు తగ్గించడమే కాదు, బడి మానెయ్యడం తగ్గించడం కూడా దాని లక్ష్యమే. ఆకలితో, విరేచనాలతో నీరసపడ్డ పిల్లకి ఏ అక్షరం ఎక్కుతుంది చెప్పండి!

బడికి సిద్ధం కావడమంటే అమ్మని వదిలి కాసేపు ఉండగలగడం, చెప్పింది విని చెయ్యడం, తన వంతు వచ్చేదాకా ఆగడం, చూసింది నాలుగు మాటల్లో చెప్పడం. గింజలు ఏరి వేరుచెయ్యడం లెక్కలకి, మట్టి పిసకడం రాతకి పునాది.

మన చిక్కు ఆ నాలుగు మాటల దగ్గరే. ఉక్కు కర్మాగారం కట్టే రోజుల నుంచీ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన కుటుంబాలు భిలాయిలో ఉన్నాయి. ఇంట్లో తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, అంగన్‌వాడీలో హిందీ. "నీళ్ళు కావాలి" అంటే అర్థంకాని చోట పిల్ల నోరు మూసుకుంటుంది. తెలివి తక్కువదనుకుంటారు. 2020 జాతీయ విద్యా విధానం సాధ్యమైనంత వరకు ఇంటిభాషలో చెప్పమంది. కాగితం మీద బాగానే ఉంది. అంగన్‌వాడీ బెహన్‌జీకి తూకాలు, రిజిస్టర్లు, 2021 నుంచి ఫోన్‌లో పోషణ్ ట్రాకర్. ఆవిణ్ణి నేను తప్పుపట్టను. రిటైరైన మనం, మన ఆడవాళ్ళు, ఆవిడ ఒప్పుకుంటే వారానికో పూట వెళ్ళి తెలుగులో ఓ కథ చెప్పలేమా?

ఇంకో సంగతి. 2009 విద్యా హక్కు చట్టం హక్కు ఇచ్చింది ఆరు నుంచి పధ్నాలుగేళ్ళ వాళ్ళకే. అంతకన్నా చిన్నవాళ్ళకి ప్రభుత్వం ఏర్పాటు 'చెయ్యవచ్చు' అని ఊరుకుంది. అయితే అంతకు ముందే, 2006 డిసెంబర్ 13న, సుప్రీంకోర్టు ఒక మాట చెప్పింది. ఆరేళ్ళలోపు పిల్లలు 40 మంది ఉండి కేంద్రం లేని పల్లెల, మురికివాడల వాళ్ళు అడిగితే మూడు నెలల్లో పెట్టాలని. మన చుట్టుపక్కల బస్తీల్లో ఎక్కడ కేంద్రం లేదో ఈ ఆదివారం తిరిగి చూద్దాం. తెలుగు పిల్లలెంతమందో విడిగా రాసుకుందాం. హిందీలో దరఖాస్తు రాసే పని నాకు వదిలెయ్యండి.