నలభై ఒకటో ర్యాంకు



ర్యాంకుల గురించి తెలుగువాళ్లకు ఒకరు చెప్పాలా? ఎంసెట్ ర్యాంకు పెళ్లిచూపుల్లో కూడా చెప్పుకునేవాళ్లం మనం. అందుకే ఇవాళ దేశాల ర్యాంకుల గురించి మాట్లాడదామనుకున్నాను.

ఎకనామిస్ట్ ఇంటెలిజెన్స్ యూనిట్ 2006 నుంచి ప్రజాస్వామ్య సూచీ వేస్తోంది. 167 దేశాలు, 60 ప్రశ్నలు, పదికి మార్కులు. 2024 సూచీలో ఆసియాలో తైవాన్ ముందుంది: 8.78, ప్రపంచంలో 12వ స్థానం. జపాన్ 16. మనం 7.29తో 41. అట్టడుగున అఫ్గానిస్తాన్, 0.25. దుబాయ్‌లో మనకు అన్నం పెడుతున్న ఈ దేశం ఎక్కడుందో మీరే చూసుకోండి, అతిథిగా వచ్చినవాణ్ణి నేను చెబితే బాగుండదు. స్వీడన్‌లోని వీ-డెమ్ సంస్థ మనల్ని ఏకంగా 'ఎన్నికలున్న నిరంకుశత్వం' కింద వేసింది. అవన్నీ గుప్పెడుమంది నిపుణుల అభిప్రాయాలని ప్రధాని ఆర్థిక సలహా మండలివాళ్లు 2022లో తిప్పికొట్టారు. ఇద్దరి మాటల్లోనూ కొంత పస ఉంది.

నన్ను ఆపేసింది మాత్రం దక్షిణ కొరియా. 2023లో 22, మరుసటి ఏడాదికి 32. 2024 డిసెంబర్ 3 రాత్రి అధ్యక్షుడు యూన్ సుక్ యోల్ సైనిక పాలన ప్రకటించాడు. సైనికులు పార్లమెంటును చుట్టుముడుతుంటే, అరవై ఏడేళ్ల స్పీకర్ ప్రహరీ ఎక్కి లోపలికి దిగాడు. తెల్లవారేలోగా 190 మంది సభ్యులు చేరి, ఒక్కరూ కాదనకుండా, దాన్ని ఎత్తేయాలని ఓటేశారు. ప్రజాస్వామ్యం అంత గట్టిగా నిలబడ్డ ఏడాదే మార్కులు తగ్గాయి! అన్యాయమనిపిస్తుంది. కానీ స్పీకర్ గోడ దూకాల్సి వచ్చిన దేశానికి నేనైనా మార్కులు కోసేవాణ్ణేమో.

ఇక మన సంగతి. 2022లో ఫిలిప్పీన్స్ ఎన్నికలప్పుడు మా ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయి, దుబాయ్‌లోని వాళ్ల కాన్సులేట్ దగ్గర బారులో నిలబడి ఓటేసి వచ్చింది. 2003 నుంచీ వాళ్లకు విదేశాల నుంచి ఓటేసే చట్టం ఉంది. సూచీలో మాత్రం వాళ్లు మనకంటే కిందే! మన కాన్సులేట్ ఇక్కడే, బర్ దుబాయ్‌లోనే ఉంది. అక్కడ మనం ఓటేసే వీల్లేదు. 2010 సవరణ పుణ్యాన ఫారం 6ఏ నింపితే జాబితాలో పేరెక్కుతుంది, వేయడానికి మాత్రం పాస్‌పోర్టు పట్టుకుని సొంతూరి బూత్‌కే పోవాలి. దీని మీదే అబుదాబి డాక్టరు షంషీర్ వయలిల్ సుప్రీంకోర్టుకెక్కారు. మన తరఫున ఇంకొకరు వేసే ప్రాక్సీ ఓటు బిల్లు 2018లో లోక్‌సభ గడప దాటి, 2019లో సభ రద్దవడంతో మురిగిపోయింది. 2024లో పేరున్న ప్రవాసులు సుమారు 1.2 లక్షలు, వెళ్లి వేసినవాళ్లు మూడు వేలలోపు. అందులోనూ సింహభాగం కేరళవాళ్లదే.

ఆ ఏడాది మే 13న పోలింగ్‌కు నేనూ వెళ్దామనుకుని, టికెట్ ధర చూసి ఆగిపోయాను. సాయంత్రం మీనా బజార్‌లో టీ తాగుతుంటే, మా ఆఫీసు డ్రైవర్, జగిత్యాల తమ్ముడు, ఫోన్ నా ముందు పెట్టాడు. వాళ్లమ్మ పంపిన ఫొటో: సిరా చుక్కతో వేలు, వెనకాల బడి గోడ.

"మా ఇంట్ల నాలుగు ఓట్లు సార్. మూడు పడ్డయ్" అన్నాడు.

నాలుగోది నా ఎదురుగా కూర్చుని కరక్ చాయ్ ఊదుకుంటోంది.