పాత మద్రాసు రోడ్డు మీద సీతమ్మ

పట్టాలు అందుకున్న పిల్లలకు, వాళ్లను ఇంతదాకా చదివించి వెనక వరసల్లో కూర్చున్న అమ్మానాన్నలకు, అవ్వలకు నా అభినందనలు.

మీలో కొందరికి పురాణాన్నో జానపద కథనో తీసుకుని నవల రాయాలని ఉందని మీ అధ్యాపకులు చెప్పారు. నేనూ ఆ పనిలోనే ఉన్నదాన్ని. అందుకని ఈ పూట వాళ్లతోనే మాట్లాడతాను.

ఈ కె.ఆర్.పురం మీదుగా పోయే పాత మద్రాసు రోడ్డు పట్టుకుని తూర్పుకు వెళ్లండి. హోసకోటె, కోలారు దాటాక ముళబాగిలు తాలూకాలో ఆవని అనే ఊరుంది. చుట్టుపక్కల పల్లెల్లో తెలుగు బాగా వినిపిస్తుంది. వాల్మీకి ఆశ్రమం ఇదేననీ, సీతమ్మ లవకుశులను కన్నది ఈ కొండ మీదేననీ అక్కడివాళ్లు చెబుతారు. కొండ కింద నొలంబ రాజుల కాలపు గుళ్లున్నాయి, పదో శతాబ్దం నాటివి. రామలింగేశ్వరుడు, లక్ష్మణేశ్వరుడు, భరతేశ్వరుడు, శత్రుఘ్నేశ్వరుడు, నలుగురు అన్నదమ్ముల పేర్లూ ఒకే ప్రాకారంలో. సీతమ్మ గుడి మాత్రం పైన, కొండ మీద.

ఉత్తరకాండలో ఆ ఆశ్రమం గంగ ఒడ్డున ఉంది. ఇక్కడ గంగ లేదు. అలాగని ఆవనివాళ్లది తప్పు అనేసి వచ్చేస్తే మీకు మిగిలేది ఏమీ లేదు. ఆ నలుగురూ కింద, ఆమె ఒక్కతే పైన ఎందుకుంది? ఆ పేర్లు గుళ్లకు ఎప్పుడు వచ్చాయి? కొండెక్కి వచ్చే ఆడవాళ్లు ఆమెను ఏమడుగుతారు? పుస్తకం ఒకటి చెప్పి, ఊరు మరొకటి చెప్పినప్పుడు ఆ రెంటి మధ్యా నిలబడండి. మీ కథ అక్కడుంది.

మన బెంగళూరు పేరునే చూడండి. దారి తప్పిన హొయసళ రాజు వీరబల్లాలుడికి ఒక ముసలమ్మ ఉడికించిన గింజలు పెట్టిందనీ, అందుకే బెందకాళూరు అయిందనీ అందరికీ తెలిసిన కథ. బేగూరు వీరగల్లు మీద బెంగళూరు యుద్ధం మాట ఉంది. అది క్రీ.శ. 900 ప్రాంతపు శాసనం. బల్లాలుడు ఏలింది 1173 నుంచి 1220 దాకా. అంటే రాజు కంటే పేరే ముందు పుట్టింది. శాసనం చదివినవాళ్లు ముసలమ్మను కొట్టిపారేస్తారు. నేను పారేయలేను. ఆకలితో వచ్చిన కొత్తవాడికి అన్నం పెట్టడం వల్లే తమ ఊరికి పేరొచ్చిందని జనం ఎందుకు చెప్పుకోవాలనుకున్నారు? రైలు దిగి, ఈ ఊరి స్టేషను బయట మొదటిసారి నిలబడిన ప్రతివాడికీ ఆ ప్రశ్న అందుతుంది.

ఇదే ఊళ్లో ఇంకో కథ ఉంది. పాండవుల మహాప్రస్థానంలో ద్రౌపది అందరికంటే ముందు పడిపోతుంది. ఎందుకని భీముడు అడిగితే, అర్జునుడి మీద పక్షపాతమని చెప్పి ధర్మరాజు వెనక్కి చూడకుండా సాగిపోతాడు. వ్యాసుడి భారతంలో భూమ్మీద ఆమె కథ అక్కడితో సరి. తిగళరపేట ధర్మరాయ గుడివాళ్లకు మాత్రం సరి కాదు. పడిపోయిన ద్రౌపది తెలివి తెచ్చుకుని చూస్తే భర్తలు లేరు, ఎదురుగా రాక్షసుడున్నాడు. ఆమె ఆదిశక్తి అయింది, వీరకుమారులను పుట్టించింది, వాణ్ని చంపింది. వెళ్లవద్దని ఆ బిడ్డలు బతిమాలితే ఏటా వస్తానని మాటిచ్చింది. అందుకే చైత్ర పౌర్ణమి రాత్రి కరగ, తల మీద పూల కుండతో సాగే ఊరేగింపు. మోసేది మగవాడు, వేషం ఆడది. చుట్టూ కత్తులు పట్టిన వీరకుమారులు. దారిలో మస్తాన్ సాహెబ్ దర్గా దగ్గర ఆగి మరీ వెళ్తారు. ఒంటరిగా వదిలేసిన ఆడదాన్ని ఒక కులం తల్లిగా తెచ్చుకుని శతాబ్దాలుగా ఊరేగిస్తోంది. ఇది రాయాలంటే ఒక రాత్రంతా ఆ వీధుల్లో నడవాలి. నడిచినా అది వాళ్ల కథే. వాళ్లను అడగకుండా రాయకండి, రాశాక ముందు వాళ్లకు వినిపించండి.

చెప్పినవాళ్ల పేరు వదలకండి. పరిశోధకుడు జీన్ రోఘైర్ పల్నాటి వీరుల కథను 1982లో ఇంగ్లీషులో అచ్చువేసినప్పుడు, పాడిన అలిసెట్టి గాలెయ్య పేరు పుస్తకంలో నిలిచింది. ఫోనులో దొరికే కథకు ఆ పేరుండదు. ఎవరు, ఎక్కడ, ఏ సందర్భంలో, ఎవరి ముందు చెప్పారో ఉండదు. వంటింట్లో చెప్పిన కథ మగవాళ్లు రాగానే మారిపోవడం నేను చూశాను. రెండూ రాసుకోండి. ఒకదాన్ని సరిదిద్ది రెండోదానిలో కలపకండి.

ఓల్గా 'విముక్త'లో సీత శూర్పణఖనూ అహల్యనూ ఊర్మిళనూ కలుసుకుంటుంది. ఆ పుస్తకానికి 2015లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. అంతకు ఎంతో ముందే మన ఆడవాళ్లు ఊర్మిళాదేవి నిద్ర పాడుకున్నారు. పద్నాలుగేళ్ల తర్వాత గదిలోకి వచ్చిన లక్ష్మణుణ్ణి ఆమె గుర్తుపట్టదు. పరాయివాడనుకుని, ఇంద్రుడికీ రావణుడికీ పట్టిన గతి చెప్పి మందలిస్తుంది.

మా అమ్మమ్మ ఆ పాట పాడేది. నేను కాగితం పట్టుకుని కూర్చునేసరికి ఆమెకు చివరి చరణాలు గుర్తులేవు. మీ వైపు ఆ పాటను ఎలా ముగిస్తారో నాకు వినాలనుంది. అవ్వలారా, సభ అయ్యాక నేను ఆ చెట్టుకింద కూర్చుంటాను. తెలిసినవాళ్లు రండి.